నక్షత్రానికి కట్టిన తేనె తాడు

మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనకే చెప్పగలుగుతున్నాను. పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఒక మనిషి కొండ మీంచి పడడానికి కారణం నేను. ఆ నింద ఆయన భార్య మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నదీ నేనే. ఊరుకున్నానని ఎంత తేలిగ్గా రాశానో చూడండి. ఊరుకోలేదు. ఆమె నన్ను సూటిగా అడిగింది. నేను అబద్ధం చెప్పాను.

ఇంతవరకు రాసి లేచిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా వంటింట్లోకి పోయి, కాసేపు నిలబడి వచ్చాను. ఈ పదకొండేళ్ళూ నేను ఇట్లాగే ఉన్నాను. ఒకచోట కూర్చోలేను. కూర్చుంటే ఏదో ఊడ్చడానికి లేస్తాను. ఎంత పనిమంతురాలో అంటారు చూసినవాళ్ళు.

నేను బడికి పోలేదు. మా నాయన మార్కాపురంలో పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. అంచు విరిగి పక్కన పడేసిన పలకలు ఇంటికి తెచ్చి, పని దిగాక నాకు అక్షరాలు దిద్దించేవాడు. నా చదువంతా ఆ విరిగిన పలకల మీదే జరిగింది. ఆ రాతిదుమ్ముకే దగ్గు పట్టి పోయాడు. కానీ పోయేలోపల నాకు వాక్యం చదవడం నేర్పి పోయాడు. దానికి ప్రభువుకు స్తోత్రం చెప్పుకోని రోజు లేదు నాకు. స్తోత్రం చెప్పడం నాకు అలవాటు. బోరులో నీళ్ళొస్తే స్తోత్రం, జ్వరం తగ్గితే స్తోత్రం, బస్సులో సీటు దొరికితే స్తోత్రం. మా ఆయన ఆటో నడుపుతాడు. "గ్యాస్ అయిపోయినా స్తోత్రమేనా?" అని నవ్వుతాడు. అవును, అప్పుడు కూడా చెబుతాను. ఒక్క సంగతి దగ్గర తప్ప నా నోరు ఎప్పుడూ ఆగలేదు.

పెళ్ళయి పెద్దదోర్నాల దగ్గర ఈ ఊరికి వచ్చాను. మా ఊరు దాటితే అడవే. అడవి అంచున చెంచుల గూడెం ఉంది. ఈదమ్మ ఆ గూడెం మనిషి. కుంకుడుకాయలు, చీపుర్లు, తేనె మోసుకొని దోర్నాలకు పోతూ మా అరుగు మీద కూర్చొని నీళ్ళు తాగేది. అట్లా మొదలైంది మా స్నేహం. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది. అక్కా అనేది నన్ను. వాళ్ళ పాపకు ఒకసారి జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే మా ఆటోలో మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. పాప బతికింది. ఇక అప్పటినుంచి నేను ఏమడిగినా ఈదమ్మ కాదనేది కాదు. నేను చేసిన చిన్న మేలు ఆమెను ఎంత దూరం కట్టేసిందో అప్పుడు నాకు తెలియలేదు.

ఆమె భర్త పేరు గురవయ్య. తేనె తీయడంలో ఆ చుట్టుపక్కల అంతటి మనిషి లేడు. కొండ అంచున చెట్టుకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకొని బండ మీదుగా కిందికి జారి, మధ్యలో వేలాడుతూ తేనెపట్టు కోసేవాడు. కింద చూస్తే లోయ. అట్లా దిగేవాడి ప్రాణమంతా పైన తాడు దగ్గర కూర్చున్నవాడి చేతుల్లో ఉంటుంది. అందుకని వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పైన తాడు చూసుకునేది భార్య తోడబుట్టినవాడే. సొంత అన్నదమ్ములను కూర్చోబెట్టరు. అన్నదమ్ముల మధ్య ఏ గొడవలు ఉంటాయో ఎవరికి తెలుసు. భార్య అన్న అయితే నమ్మవచ్చు. తన చెల్లెలు విధవ కావాలని ఏ అన్నా కోరుకోడు కదా. గురవయ్యకు తాడు చూసేది ఈదమ్మ అన్న మల్లయ్య. అంతేకాదు, ఆ తాడు మరో పనికి వాడరు. దాంతో నీళ్ళు చేదరు, మేకను కట్టరు. కింద పడి ఉంటే దాటి నడవరు. ముందు నార పేని ఏడాదికొక కొత్త తాడు చేసుకునేవాళ్ళట. నైలాన్ తాడు వచ్చాక అదే నాలుగైదేళ్ళు వాడుతున్నారు. తేనె కాలం కాని రోజుల్లో ఆ తాడు ఈదమ్మ ఇంట్లో దూలానికి వేలాడుతూ ఉండేది.

ఇక నా సంగతి. ఆ ఏడాది క్రిస్మస్‌కు మా మందిరం మీద నక్షత్రం ఎత్తే పని ఆడవాళ్ళ సంఘానికి ఇచ్చారు. అంతకుముందు ఎప్పుడూ మగవాళ్ళే ఎత్తేవాళ్ళు. ఆ పనికి నన్ను పెద్దగా పెట్టారు. వెదురు బద్దలతో చట్రం కట్టి, రంగు కాగితాలు అంటించి, లోపల పెద్ద బల్బు పెట్టి, స్తంభం మీద కప్పీకి తాడు వేసి పైకి లాగాలి. సంఘంలో ఒక పెద్దాయన అందరిముందూ అన్నాడు: "ఆడోళ్ళు కట్టిన నక్షత్రం ఎటు తిరుగుద్దో ఏమో. దాన్ని చూసి జ్ఞానులు గిద్దలూరు పోతారేమో." అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. లోపల మాత్రం పంతం పట్టుకుంది.

మందిరం తాడు ఎలుకలు కొట్టేశాయి. పైకి అందేంత పొడుగు తాడు ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. నాకు ఈదమ్మ ఇంటి దూలం గుర్తొచ్చింది. పోయి అడిగాను.

ఆమె దూలం వైపు చూసింది. తర్వాత నవ్వింది. "మీ దేవుడు పుట్టిన దినానికి మా తేనె తాడా? తేనె కారుద్దేమో చూసుకో మీ నక్షత్రంలోంచి." మళ్ళీ నవ్వు ఆపి, "మా అన్నకు తెలిస్తే ఒప్పుకోడక్కా. మా ఆయనకైతే చెప్పనే చెప్పొద్దు. నువ్వు గాబట్టి ఇస్తన్నా. ఎండాకాలం లోపల తెచ్చియ్యి" అంది. కట్టడం మానేసిన పాత చీరలో తాడు చుట్టి, ఎవరూ చూడకుండా నా చేతికి ఇచ్చింది.

నక్షత్రం ఎత్తాం. దోర్నాల రోడ్డు మీద పోయే బస్సులకు కూడా కనపడేది. శ్రీశైలం పోయే యాత్రికులు కూడా కిటికీల్లోంచి చూశారని ఎవరో చెప్పారు. ఆ గిద్దలూరు మాటన్న పెద్దాయన వచ్చి బాగుందమ్మా అన్నాడు. ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచి, ఆడవాళ్ళ చేత ఈ పని చేయించిన దేవునికి స్తోత్రం అన్నాను. నాకు గర్వంగా ఉండింది. అది స్తోత్రం కాదని, గర్వమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియదా? తెలుసేమో. ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో.

కొత్త సంవత్సరం ప్రార్థన అయ్యాక నక్షత్రం దించాం. దించినప్పుడు చూశాను. లోపల బల్బు పట్టిన హోల్డరు పక్కకు ఒరిగి, బల్బు వెళ్ళి, చట్రానికి చుట్లు వేసి కట్టిన తాడుకు ఆనుకొని ఉంది. నెల రోజుల వేడికి తాడు అక్కడ కరిగింది. మూడు పేటల తాడు అది. ఒక పేట పూర్తిగా, రెండోది సగం వరకు కరిగి, గట్టిపడి, నల్లటి బుడిపెలాగా అయింది. కొస నుంచి రెండు బారల దూరంలో ఉంది అది.

రెండు బారలు. అంతే. అక్కడికి కోసి పారేసి, ఈదమ్మా ఇట్లా అయింది అని చెప్పి ఉంటే సరిపోయేది. తాడు కొంచెం పొట్టిది అయ్యేది. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. ఈ సంగతి నాకు ఆ రోజే తట్టింది. కత్తిపీట కూడా ముందర పెట్టుకున్నాను. కానీ మల్లయ్య ప్రతి ఏడూ తాడును బారలతో కొలిచి చూసుకుంటాడని ఈదమ్మ ఒకసారి చెప్పింది. కోస్తే తెలుస్తుంది. తెలిస్తే ఈదమ్మను గురవయ్య కొడతాడు. అది నేను నాకు చెప్పుకున్న కారణం. మంచి కారణమే. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. ఆడవాళ్ళకు పని అప్పజెపితే పరాయివాళ్ళ తాడు కాల్చిపెట్టారని ఆ పెద్దాయన నవ్వుతాడు. అది నేను తట్టుకోలేకపోయాను. ఒక మనిషి ప్రాణాన్ని ఒక పక్కన, ఒక ముసలాయన నవ్వును ఇంకో పక్కన పెట్టి తూచినట్టే కదా. తూచానని అప్పుడు నాకు తెలియదు. తేనె కాలం ఇంకా దూరం ఉంది కదా అనుకున్నాను.

నేను ఏం చేశానో చెబుతాను. కొవ్వొత్తి వెలిగించి, ఆ బుడిపెను మళ్ళీ కొంచెం వేడిచేసి, వేళ్ళకు తడి గుడ్డ చుట్టుకొని, అదిమి అదిమి నునుపు చేశాను. తర్వాత బూడిద, కొబ్బరినూనె కలిపి రుద్దాను. పాత తాడు, మైనమూ తేనె మరకలతో అప్పటికే నల్లగా ఉండేది. రుద్దిన తర్వాత చూస్తే నాకే ఆ చోటు దొరకలేదు. ఎంత శుభ్రంగా చేశానో. నాకు ఏ పని చేసినా శుభ్రంగా చేయడం అలవాటు. అదే చీరలో చుట్టి తీసుకుపోయి ఇచ్చాను. ఈదమ్మ విప్పి కూడా చూడలేదు. దూలానికి వేసింది.

ఎండాకాలం లోపల కొత్త తాడు కొని ఇచ్చేయాలనుకున్నాను. ఇది అబద్ధం కాదు. మార్కాపురంలో తాళ్ళ దుకాణానికి పోయాను కూడా. "ఏంటికమ్మా, బోరుకా, బర్రెకా?" అని అడిగాడు దుకాణం ఆయన. నాకేం చెప్పాలో తోచలేదు. బర్రెకు అన్నాను. ఆయన సన్నటి తాడు చూపించాడు. మళ్ళీ వస్తానని బయటికి వచ్చేశాను. అక్కడినుంచి బట్టల అంగడికి పోయి, శుభ శుక్రవారానికి తెల్లచీర కొనుక్కొని ఇంటికొచ్చాను. ఆ చీర బాగుందని అందరూ అన్నారు.

ఆ ఏడాది ఎండలు ముందే ముదిరాయి. తేనెపట్లు తొందరగా నిండాయి. ఒకరోజు సాయంత్రం మా ఆయన ఆటో ఆపి లోపలికొచ్చి చెప్పాడు. "గురవయ్య కొండ మీంచి పడినాడంట. డోలీ కట్టి రోడ్డుకు మోసుకొచ్చినారు. తాడు తెగిందంట."

నేను బియ్యం ఏరుతున్నాను. చేట కింద పెట్టలేదు. ఏరుతూనే ఉన్నాను. అది గుర్తుంది నాకు. ఒక్కొక్క రాయీ ఏరి పక్కన పెడుతూ, ఏ తాడు అని అడిగాను. ఏ తాడు అని అడిగాను నేను.

ఆయన చావలేదు. కింద చెట్టు కొమ్మల మీద పడి అక్కడినుంచి బండ మీదికి జారాడు. నడుము విరిగింది. కాళ్ళు చచ్చుబడ్డాయి. తెగిన తాడును పోలీసులు చూశారు, గూడెం పెద్దలు చూశారు. తెగినచోట సగం పోగులు చీలినట్టు ఉన్నాయి, సగం నున్నగా ఉంది. అరిగి తెగిన తాడు నున్నగా ఉండదు. ఎవరో ముందే నిప్పు పెట్టి ఉంచారన్నారు. ఎవరు? తాడు ఉండేది ఈదమ్మ ఇంట్లో. పైన కూర్చున్నది ఈదమ్మ అన్న. అంతకు వారం ముందే గురవయ్య తాగి కొడితే, దోర్నాల రోడ్డు మీద పదిమందిలో ఈదమ్మ అరిచింది. "ఏదో ఒకరోజు ఆ కొండ మీంచే పడతావు. ఆ పొద్దు నీ నోట్లో నీళ్ళు పోయాల్సింది గూడా నేనే." పెళ్ళాలు మొగుళ్ళను తిట్టే తిట్టే అది. ఏ ఇంట్లో వినపడదు? కానీ ఆ వారం తర్వాత ఆ మాట తిట్టుగా ఎవరికీ గుర్తులేదు. పెళ్ళాం, బావ కలిసి చేసిన పనే అన్నారు. ఏ నమ్మకం కోసం భార్య అన్నను కూర్చోబెట్టారో, ఆ నమ్మకమే ఇద్దరి మెడకూ చుట్టుకుంది.

మూడో రోజు నేను ఆసుపత్రికి అన్నం తీసుకుపోయాను. వరండాలో గోడకు ఆనుకొని కూర్చొని ఉంది ఈదమ్మ. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని పక్కనే కూర్చున్నాను. కాసేపయ్యాక అడిగింది.

"అక్కా, ఒక మాట అడుగుతా. ఏమనుకోవద్దు."

"అడుగు."

"నక్షత్రం కట్టినప్పుడు తాడుకేమన్నా అయిందా?"

ఆమె నా ముఖం చూడలేదు. నేల చూస్తూ అడిగింది. అడగడానికి సిగ్గుపడింది. నా చేతిలో గిన్నె మూత ఉంది. దాన్ని తిప్పుతూ ఉన్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎక్కువసేపు పట్టలేదనే అనుకుంటాను. ఎక్కువసేపు పట్టి ఉంటే ఆమెకు తెలిసిపోయేది.

"ఏమీ కాలేదు ఈదమ్మా. ఎట్లిచ్చినావో అట్లే తెచ్చిచ్చినా."

"అంతేలే." గట్టిగా ఊపిరి వదిలింది. "ప్రార్థన చేసేదానివి, నువ్వు అబద్ధమెందుకు చెప్తావు. నాదే పాపిష్టి బుద్ధి. నిన్ను గూడా అనుమానించినా చూడు. మనసులో పెట్టుకోవద్దక్కా."

"ఏం లేదులే."

"పోలీసులు అడిగితే నీ పేరు ఎత్తను. మీ మందిరానికి మాట వస్తది, ఎందుకు. నేనే తాడు బయటికిచ్చినానంటే మావోళ్ళు నన్ను బతకనియ్యరు." ఆ తర్వాత తనలో తాను అన్నట్టుగా అంది. "మరి మా అన్నేనా?"

అదీ నేను చేసింది. తాడు కాల్చినది కాదు. అది బల్బు చేసిన పని, నా అజాగ్రత్త చేసిన పని. దాచినది కూడా సగం భయం. కానీ ఆ వరండాలో, ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చినప్పుడు, మల్లయ్య కాదు, నేను అని చెప్పి ఉండవచ్చు. ఆ మాటకు, నా మాటకు మధ్య సందు ఉంది. అందులోకి నేను అన్నం గిన్నె జరిపాను. తినమ్మా, చల్లారిపోతుంది అన్నాను. ఆమె నన్ను నమ్మడానికి తన తోడబుట్టినవాడిని అనుమానించాల్సి వచ్చింది. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ప్రార్థన చేసే మనిషిని ఎంచుకుంది.

పోలీసులు ప్రమాదం అని రాసుకొని వదిలేశారు. గూడెం వదల్లేదు. చెల్లెలు తనను అనుమానిస్తోందని మల్లయ్యకు ఎట్లాగో తెలిసింది. తాడు ఉన్నది నీ ఇంట్లో కదా అని ఆయన ఈదమ్మను అడిగాడట. ఇద్దరికీ మాటలు లేవు ఆ తర్వాత. ఆయన గూడెం వదిలి కొనకనమిట్ల దగ్గర ఒక బత్తాయి తోటకు కాపలా పనికి పోయాడు. పదకొండేళ్ళు.

గురవయ్య పదకొండేళ్ళు మంచంలో ఉన్నాడు. ఈదమ్మే కడిగింది, తిప్పింది, తినిపించింది. కానీ ఆమె చేతి నీళ్ళు ఆయన నేరుగా తాగేవాడు కాదు. ముందు ఆమె ఒక గుక్క తాగాలి. అప్పుడు తాగేవాడు. అన్నమైనా అంతే, ముందు ఒక ముద్ద ఆమె తినాలి. నేను నా కళ్ళతో చూశాను. ఒకసారి కాదు. చూసి ఇంటికొచ్చి మోకాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. ప్రభువా ఆ ఇంటికి శాంతి ఇవ్వు అని అడిగేదాన్ని. నేను ఇవ్వగలిగినదాన్ని ఆయన్ని ఇమ్మని అడగడం ఎంత సిగ్గులేని పనో అప్పుడు నాకు తట్టలేదు. తట్టిందేమో. తట్టనివ్వలేదేమో.

వారం వారం ఆ ఇంటికి ఏదో ఒకటి తీసుకుపోయేదాన్ని. అన్నం, బట్టలు, మాత్రలు. గూడెంలో ఎవరూ గడప తొక్కని ఇంటికి నేను పోయేదాన్ని. మందిరంలో నా గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఈదమ్మ దండం పెట్టేది. "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అన్నం పెట్టడానికి పోయానా, ఆమెకు ఏమైనా తెలిసిందా అని కనిపెట్టడానికి పోయానా? మొదటి ఏడాదిలో రెండోదే అని చెప్పగలను. తర్వాత రెండూ కలిసిపోయాయి. ఇప్పుడు విడదీయలేను. ప్రేమ కూడా ఉండింది. అది ఉండిందని నమ్మవలసిందిగా మిమ్మల్ని అడగను.

మొన్న వానాకాలంలో గురవయ్య పోయాడు. పూడ్చిపెట్టిన తర్వాత, జనం పోయాక, ఈదమ్మ నా పక్కన కూర్చొని చెప్పింది. చివరి రోజు నీళ్ళడిగాడట. గ్లాసు ఎత్తి అలవాటు కొద్దీ ముందు తానే ఒక గుక్క తాగిందట. ఆయన ఆమె ముఖం చూస్తూ తాగి, గోడవైపు తిరిగి పడుకున్నాడట. ఇంక మాట్లాడలేదట. అది చెప్పాక అంది:

"ఒక్కోసారి నాకే అనుమానమొస్తదక్కా. నేనే ఏమన్నా చేసినానేమో అని. ఆ పొద్దు రోడ్డు మీద అన్నాను కదా, పడతావని. ఆ నోటికే తెగిందేమో. కడుపులో అదే కోరుకున్నానేమో. ఎవురికి తెలుసు."

నేను పదకొండేళ్ళు తట్టుకున్నాను. భర్త అనుమానం, అన్న దూరం, గూడెం నోళ్ళు, అన్నీ చూస్తూ తట్టుకున్నాను. ఇది తట్టుకోలేకపోయాను. చేయనిదాన్ని చేశానేమో అని ఆ మనిషి నమ్మడం మొదలుపెట్టింది. చేసినదాన్ని చేయలేదని నేను దాదాపు నమ్మేశాను. మేమిద్దరం ఒకరి తప్పు ఒకరం మార్చుకుని కూర్చున్నట్టు ఉంది ఆ చాప మీద.

అయినా ఆ రోజు చెప్పలేదు. ఇంటికి వచ్చేశాను. మళ్ళీ పోయేలోపల పదిహేను రోజులు పట్టింది. మూడుసార్లు గూడెం దారి సగం వరకు నడిచి వెనక్కి వచ్చాను. పాస్టరమ్మతో చెబుదామని ఒకరోజు పోయి, ఆమెతో కూర్చొని చింతకాయ తొక్కు గురించి మాట్లాడి వచ్చాను. వాక్యం తెరిస్తే అక్షరాలు కనపడేవి, అర్థం కనపడేది కాదు. ఈలోపల చనిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. చనిపోతే ఈదమ్మ వచ్చి నా కాళ్ళ దగ్గర ఏడుస్తుంది. నాకు దండం పెడుతుంది. అది ఊహించుకున్న తర్వాత ఇంక ఆగలేదు.

పొద్దున్నే పోయాను. చేటలో కుంకుడుకాయలు పోసుకొని పుచ్చువి ఏరుతోంది. కూర్చోమంది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. బల్బు ఒరిగిన దగ్గరనుంచి, కొవ్వొత్తి, బూడిద, నూనె, ఆసుపత్రి వరండా, అన్నీ. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపలేదు. ఆమె చేతులు కుంకుడుకాయల్లోనే ఉన్నాయి. కదలలేదు.

నేను ముగించాక ఆమె అడిగింది ఒక్కటే. "అయితే మా అన్న ఏం చేయలేదన్నమాట."

"చేయలేదు" అన్నాను. "నువ్వూ చేయలేదు."

రెండో మాట ఆమె విన్నట్టు లేదు. చేట పక్కన పెట్టి లేచింది. కాళ్ళు కడుక్కుంది. చీర మార్చుకొని బయటికి వచ్చింది. "రా. ఇదే మాట ఆయన ముందర చెప్పు." అంతే. తిట్టలేదు. తిడుతుందని, కొడుతుందని, కనీసం ఏడుస్తుందని సిద్ధపడి పోయాను. దేనికీ నన్ను లెక్కలోకి తీసుకోలేదు.

దోర్నాలలో బస్సెక్కాం. నా పక్కన సీటు ఖాళీగా ఉంది. ఆమె రెండు వరసల ముందు కూర్చుంది. మార్కాపురంలో దిగి కొనకనమిట్ల బస్సు కోసం నిలబడినప్పుడు నీళ్ళ సీసా చాపాను. చూసింది, తీసుకోలేదు. నేను ముందు ఒక గుక్క తాగాలేమో అన్న ఆలోచన వచ్చి, సీసా సంచిలో పెట్టుకున్నాను.

మల్లయ్య తోట గట్టు మీద కంచె ముళ్ళు సర్దుతున్నాడు. తల పూర్తిగా నెరిసింది. చెల్లెల్ని చూసి నిలబడిపోయాడు. పది అడుగుల దూరంలో ఈదమ్మ కూడా నిలబడింది. పలకరించలేదు. నావైపు తిరిగి "చెప్పు" అంది.

రెండోసారి చెప్పాను. మొదటిసారి కంటే తక్కువ మాటల్లో అయిపోయింది. ఆయన వింటూ నేలమీద కూర్చున్నాడు. ఆయన నన్ను ఏదైనా అంటాడని ఎదురుచూశాను. అనలేదు. చెల్లెలి వైపు చూసి అడిగాడు.

"అన్నం తిన్నావా?"

"లేదు" అంది ఈదమ్మ.

ఆయన లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకొని, పాక వైపు నడిచాడు. ఆమె వెనకే నడిచింది. పాక గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. పదహారేళ్ళుగా అక్కా అని పిలిచిన మనిషి, "నువ్వు పోమ్మా" అంది. తోటలో పని అడగడానికి వచ్చిన ఆడమనిషితో అన్నట్టు, మర్యాదగానే అంది. లోపలికి పోయింది.

రోడ్డు వరకు ఒక్కదాన్నే నడిచి వచ్చాను. ఎండగా ఉంది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ ఎక్కలేదు. ఎక్కడికీ పోవాలని అనిపించలేదు. లేచి ఏదైనా చేయాలనీ అనిపించలేదు. రాయి మీద కూర్చొని ఉన్నాను. అంతసేపు ఒకచోట కూర్చుని ఎన్నాళ్ళయిందో.

క్షమించమని ఆ ఇద్దరినీ అడగలేదు. అడగడానికి నోరు తెరిచి మూసుకున్నాను. అది కూడా వాళ్ళ దగ్గరనుంచి ఇంకొకటి తీసుకోవడమే అనిపించింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు కదిలించినావు" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఈదమ్మ ఇప్పుడు మా అరుగు మీద కూర్చోదు. రోడ్డుకు అవతలి పక్కన నడిచిపోతుంది. మొన్న ఆమె పక్కన మల్లయ్య ఉన్నాడు, మూట ఆయన తలమీద ఉంది. నేను లోపలికి వచ్చేశాను, వాళ్ళు నన్ను చూసి మాటలు ఆపకూడదని.

మందిరంలో ఇంకా చెప్పలేదు. చెబుతాను. చెబితే నక్షత్రం మళ్ళీ మగవాళ్ళకు ఇచ్చేస్తారు. ఇవ్వనీ.

ఒక్క మనిషికి మాత్రం ఎప్పటికీ చెప్పలేను. గురవయ్య తన భార్యే తనను పడేసిందని నమ్మి గోడవైపు తిరిగి పోయాడు. పదకొండేళ్ళు నేను వారానికొకసారి ఆయన మంచం పక్కనే నిలబడ్డాను. ఆయనకు వినపడేది. ఒక్క వాక్యం చాలేది. ఏ ప్రార్థన చేసినా ఆ పదకొండేళ్ళు వెనక్కి రావు. వస్తాయని ఎవరైనా అన్నా నేను ఒప్పుకోను. ఆయనకు చెప్పవలసినదాన్ని, ఆయన లేడు కనక, మీ ముందు పెడుతున్నాను. గురవయ్యా, ఆ తాడు కాలినట్టు నీ భార్యకు తెలియదు. నీ బావకు తెలియదు. నాకు తెలుసు.